హైడ్రోజన్‌ని ముందు ముడిసరుకుగా చూడండి, ఇంధనంగా తర్వాత

మీ పంచాయతీ తరఫున మీరు అడిగినవి ఇవీ: అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్ అంటున్నారు, కాకినాడలో గ్రీన్ అమ్మోనియా అంటున్నారు. రేపు బండ్లు, వంటగ్యాసు అన్నీ హైడ్రోజన్ మీదే నడుస్తాయా, లేక ఇదంతా ప్రచారమేనా? అన్ని నీళ్ళు ఎక్కడినుంచి తెస్తారు? ప్రమాదం జరిగితే చుట్టుపక్కల ఊళ్ళ సంగతేంటి? మా పిల్లలకు ఉద్యోగాలు వస్తాయా? నేను అమ్మోనియా ప్లాంటులో షిఫ్టు ఇంజనీరుగా మొదలుపెట్టి, తర్వాత చాలాకాలం కాస్టిక్ సోడా ప్లాంట్లలో సెల్‌హౌస్ (ఉప్పునీటిని కరెంటుతో విడగొట్టే విభాగం) చూసుకున్నవాణ్ణి. ఉద్యోగ జీవితమంతా హైడ్రోజన్ పక్కనే గడిచింది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. గ్రీన్ హైడ్రోజన్, అంటే సోలార్, విండ్ కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్, అవసరం నిజమైనదే. దాంతో చేసే అమ్మోనియానే గ్రీన్ అమ్మోనియా. కానీ అది పెట్రోలు బంకులోకో వంటింట్లోకో వచ్చే సరుకు కాదు. మనం ఇప్పటికే ఏటా లక్షల టన్నుల్లో వాడుతున్న హైడ్రోజన్ ఒకటుంది. అది పొగ వదిలే పద్ధతిలో తయారవుతోంది. దాన్ని శుభ్రం చేయడం మొదటి పని, ఆ తర్వాత ఉక్కు. మిగతా వాడకాలన్నీ ఈ రెండింటి వెనక నిలబడాల్సినవే.

దేశంలో ఏటా 50-60 లక్షల టన్నుల హైడ్రోజన్ తయారవుతోంది. అది ఎవరికీ కనిపించదు, ఎందుకంటే తయారైన ఆవరణలోనే ఖర్చయిపోతుంది. రిఫైనరీలో డీజిల్‌లోంచి గంధకం తీయడానికి కొంత, ఎరువుల కర్మాగారంలో గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా చేయడానికి ఇంకొంత. ఈ రెండే దాదాపు మొత్తం తినేస్తాయి. అమ్మోనియా ప్లాంటులో హైడ్రోజన్ పుట్టేది రిఫార్మర్‌లో. పెద్ద ఫర్నేసు, అందులో వరుసలుగా నిలువు గొట్టాలు, వాటి నిండా నికెల్ ఉత్ప్రేరకం. గొట్టాల బయట మంట, లోపల సహజవాయువు, నీటి ఆవిరి. లోపలి వేడి 800 డిగ్రీల దాకా వెళ్తుంది. షిఫ్టులో తిరిగేటప్పుడు పీప్‌హోల్ తెరిచి, రంగు అద్దం పెట్టుకుని, ఒక్కో గొట్టం రంగు చూసేవాళ్ళం. ఎక్కడైనా మిగతా గొట్టం కన్నా మెరుస్తూ ఒక పట్టీ కనిపిస్తే అక్కడ ఉత్ప్రేరకం పని చేయడం లేదని అర్థం. అలా తయారయ్యే ప్రతి కిలో హైడ్రోజన్‌కీ 9-10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అన్నం పెట్టే ఎరువు వెనక ఉన్న పొగ ఇది. సోలార్ ప్యానెళ్ళు ఎన్ని పెట్టినా అది దానంతట అది తగ్గదు, ఎందుకంటే ఇక్కడ సహజవాయువు పొయ్యి కింద కట్టె మాత్రమే కాదు, సరుకులోకి వెళ్ళే హైడ్రోజన్ కూడా అందులోంచే రావాలి.

అందుకే నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీయడమన్నది అర్థవంతమైన పని. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 19,744 కోట్ల రూపాయలతో, 2030కల్లా ఏటా 50 లక్షల టన్నులు అనే లక్ష్యం పెట్టుకుంది. అంటే ఇప్పుడు వాడుతున్నంత. దీనికి కొత్తగా 1,25,000 మెగావాట్ల సోలార్, విండ్ కావాలని ఆ మిషనే చెప్పింది. ఎందుకంత అనేది తెలిస్తే మీ మొదటి ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది.

ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి ఇప్పుడున్న యంత్రాలకు 50-55 యూనిట్ల కరెంటు పడుతుంది. ఆ కిలోలో వాడుకోదగ్గ శక్తి 33 యూనిట్లు. మొదటి అడుగులోనే మూడో వంతు పైగా పోయింది. కారులో పోయాలంటే 700 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లు) ఒత్తిడికి నొక్కాలి, చల్లబరచాలి, దానికి ఇంకో నాలుగైదు యూనిట్లు. కారులోని ఫ్యూయల్ సెల్ అనే పరికరం అందులో సగం పైచిలుకు మళ్ళీ కరెంటుగా మారుస్తుంది. అన్నీ పోగా కిలోకి 100 కిలోమీటర్లు తిరుగుతుంది కారు. అదే కరెంటు నేరుగా బ్యాటరీ కారులోకి ఎక్కిస్తే 300 కిలోమీటర్లు దాటుతుంది. రేపు యంత్రాలు మెరుగైనా ఈ తేడా కొంత తగ్గుతుందే తప్ప పోదు, ఎందుకంటే కరెంటుని గ్యాసుగా, గ్యాసుని మళ్ళీ కరెంటుగా మార్చే దారిలోనే నష్టం ఉంది. కాలిఫోర్నియాలో షెల్ కంపెనీ 2024లో కార్లకు హైడ్రోజన్ పోసే బంకులు మూసేసింది. జర్మనీలో లోయర్ సాక్సనీ రాష్ట్రం 2018లో ప్రపంచంలో మొదటిసారి హైడ్రోజన్ రైలు ప్రయాణికులతో నడిపింది, తర్వాతి రైళ్ళకు మాత్రం బ్యాటరీని ఎంచుకుంది. మన రైల్వే హర్యానాలోని జింద్-సోనీపత్ మార్గానికి తయారు చేయించిన హైడ్రోజన్ రైలు నేర్చుకోవడానికి మంచిదే. కానీ లైన్లన్నీ దాదాపు విద్యుదీకరించుకున్న దేశానికి ఆ రైలు అవసరం ఎంత అనేది వేరే ప్రశ్న.

వంటగ్యాసు సంగతి ఇంకా సులువు. సూరత్ దగ్గర కవాస్‌లో ఎన్టీపీసీ టౌన్‌షిప్ ఇళ్ళకు వెళ్ళే పైపు గ్యాసులో 8 శాతం హైడ్రోజన్ కలిపారు. 8 శాతం అనగానే గ్యాసు 8 శాతం ఆదా అనుకుంటాం. హైడ్రోజన్ చాలా తేలిక. అదే ఘనపరిమాణంలో దాని శక్తి సహజవాయువులో మూడో వంతు కూడా ఉండదు. కాబట్టి ఆదా అయ్యేది 3 శాతం లోపే. ఆ కరెంటేదో ఇండక్షన్ స్టవ్‌కి ఇస్తే అన్నం ఉడికిపోతుంది.

ఇప్పుడు హైడ్రోజన్ తప్ప గత్యంతరం లేని చోటుకి వద్దాం. ఇనుప ఖనిజం అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసి ఉన్న రాయి. బ్లాస్ట్ ఫర్నేసులో కోక్ (బొగ్గు నుంచి చేసే ఇంధనం) ఆ ఆక్సిజన్‌ని లాక్కుని కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. కోక్ బదులు హైడ్రోజన్ పంపితే అది ఆక్సిజన్‌ని లాక్కుని నీటి ఆవిరిగా పోతుంది. స్వీడన్‌లోని లూలియోలో హైబ్రిట్ అనే సంస్థ 2021లో ఇలా తీసిన ఇనుముతో ఉక్కు చేయించి వోల్వోకి ఇచ్చింది. రసాయనం ప్రకారం టన్ను ఇనుముకి 54 కిలోల హైడ్రోజన్ కావాలి. మన విశాఖ ఉక్కు సామర్థ్యం ఏటా 73 లక్షల టన్నులు. ఆ మొత్తం హైడ్రోజన్‌తో చేయాలంటే దాదాపు 3.9 లక్షల టన్నుల హైడ్రోజన్, దానికి 2,000 కోట్ల యూనిట్ల పైన కరెంటు. ఓర్వకల్లు దగ్గరి కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లది. అంత పార్కు ఏడాదికి ఇవ్వగలిగేది సుమారు 220 కోట్ల యూనిట్లు. అంటే ఒక్క ఉక్కు కర్మాగారానికి అలాంటివి తొమ్మిది, పది కావాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పద్ధతికి ఇనుము శాతం బాగా ఎక్కువున్న పెల్లెట్లు (ఖనిజపు ఉండలు) కావాలి, మన గనుల్లో దొరికే మామూలు ఖనిజాన్ని అంతదాకా శుద్ధి చేయాలి. కష్టమే. అయినా ఉక్కు నుంచి పొగ తీసేయడానికి ఇంతకన్నా సిద్ధంగా ఉన్న దారి నాకు కనిపించడం లేదు. ఇంత కష్టపడి చేసిన హైడ్రోజన్‌ని కార్లలో కాల్చడం నాకు మనసు ఒప్పని పని.

రాత్రి కరెంటు కోసం హైడ్రోజన్ దాచుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. దాచి మళ్ళీ కరెంటు చేస్తే పెట్టిన దాంట్లో మూడో వంతు తిరిగొస్తుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ లాంటి చోట, నీళ్ళు పైకి తోడి కిందికి వదిలితే నాలుగింట మూడు వంతులు తిరిగొస్తుంది. ఒక పగటి ఎండని ఆ రాత్రికి దాచడానికి అదే సరైన దారి.

ఇదంతా కొత్త విషయం అనుకోకండి. 1960ల మొదట్లోనే పంజాబ్‌లోని నంగల్‌లో, భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఆ హైడ్రోజన్‌తో ఎరువు చేశారు. అణు రియాక్టర్లలో వాడే భారజలం తయారుచేసే దేశంలో మొదటి కేంద్రం 1962లో ఆ పక్కనే వచ్చింది కూడా ఆ హైడ్రోజన్ ఉంది కాబట్టే. మరి ఎందుకు నిలవలేదు? యంత్రం పనికిరాక కాదు. పొలాల మోటార్లకు, ఊళ్ళకు, మిల్లులకు ఆ కరెంటు కావలసివచ్చింది. కర్మాగారం ఫ్యూయల్ ఆయిల్‌కి, ఆ తర్వాత సహజవాయువుకి మారింది. కాబట్టి గ్రీన్ హైడ్రోజన్ భవిష్యత్తు ఎలక్ట్రోలైజర్ (నీటిని విడగొట్టే యంత్రం) చేతిలో కన్నా కరెంటు రేటు చేతిలో ఎక్కువ ఉంది. కిలోకి 53 యూనిట్లు అనుకుంటే, యూనిట్ రేటు ఒక్క రూపాయి పెరిగినా హైడ్రోజన్ కిలోకి 53 రూపాయలు పెరుగుతుంది. ధర తగ్గుతున్న మాట కూడా నిజమే. 2025లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్) జరిపిన గ్రీన్ అమ్మోనియా వేలాల్లో కిలో సుమారు 50-65 రూపాయల మధ్య ధరలు పలికాయి. సహజవాయువుతో చేసిన అమ్మోనియా చాలాసార్లు ఇంతకన్నా చవకగానే దొరుకుతుంది, కానీ మధ్య దూరం కొన్నేళ్ళ కిందట ఎవరూ అనుకోనంత తగ్గింది.

సెల్‌హౌస్‌లో పనిచేసినవాళ్ళకే తెలిసే ఒక సంగతి చెప్తాను. వార్తల్లో ఇది ఎక్కడా రాదు. క్షార ద్రావణంతో నడిచే ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్‌లో ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు ఆక్సిజన్ వస్తాయి, మధ్యలో పల్చటి పొర అడ్డం. ఆ పొర గుండా కొంచెం హైడ్రోజన్ అవతలికి ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. కరెంటు నిండుగా ఉన్నప్పుడు అవతల ఆక్సిజన్ కూడా బోలెడు వస్తుంది కాబట్టి ఈ జారిన హైడ్రోజన్ శాతం నామమాత్రం. సాయంత్రం ఎండ తగ్గి కరెంటు పడిపోయిందనుకోండి, ఆక్సిజన్ తగ్గుతుంది, జారే హైడ్రోజన్ మాత్రం అంతే ఉంటుంది. శాతం పైకి ఎక్కుతుంది. 4 శాతం అంటే పేలే మిశ్రమం. 2 శాతం దగ్గరే యంత్రం ఆగిపోయేలా పెడతారు. అందుకే ఈ యంత్రాలు సామర్థ్యంలో ఐదో వంతో నాలుగో వంతో కన్నా కిందికి దిగి నడవలేవు. మబ్బు పట్టినప్పుడల్లా ఆపి, మళ్ళీ మొదలుపెడితే ఎలక్ట్రోడ్లు త్వరగా అరిగిపోతాయి. అవతల అమ్మోనియా కన్వర్టర్‌కి 400 డిగ్రీల పైన వేడి, వందల బార్ల ఒత్తిడి, నిలకడగా రోజంతా కావాలి. వట్టి సోలార్‌తో నడిపితే కోట్లు పోసిన యంత్రం రోజులో ముప్పాతిక వంతు ఖాళీగా ఉంటుంది. సోలార్, విండ్, పంప్డ్ స్టోరేజ్ మూడూ కలిపితేనే ఈ వ్యాపారం నిలబడుతుంది. రాయలసీమలో ఎండా గాలీ రెండూ ఉన్నాయి, కొండలు ఉన్నాయి, కోస్తాలో రేవులు, ఎరువుల కర్మాగారాలు ఉన్నాయి. ఆంధ్ర మీద ఇంతమంది కన్ను పడటానికి కారణం ఇదే. ప్రచారం అని కొట్టిపారేయకండి. కాకినాడలో ఏఎం గ్రీన్ అనే కంపెనీ 2024 ఆగస్టులో తుది పెట్టుబడి నిర్ణయం తీసుకున్న ప్లాంటు ఏటా 10 లక్షల టన్నుల అమ్మోనియాది.

అసలు జాగ్రత్తగా చూడాల్సింది "గ్రీన్" అనే ముద్ర. మన దేశ ప్రమాణం ప్రకారం కిలో హైడ్రోజన్‌కి కార్బన్ డయాక్సైడ్ 2 కిలోలకు మించకుండా ఉంటేనే గ్రీన్. ఇప్పుడు మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ మోస్తోంది. గ్రిడ్ కరెంటుతో కిలో హైడ్రోజన్ చేస్తే 37 కిలోల దాకా వస్తుంది. సహజవాయువుతో చేసిన దానికన్నా దాదాపు నాలుగింతలు. ఎవరూ నేరుగా అలా చేయరనుకోండి. కానీ 2022 ఫిబ్రవరి విధానంలో బ్యాంకింగ్ అనే వెసులుబాటు ఉంది. మధ్యాహ్నం మిగిలిన సోలార్ కరెంటు గ్రిడ్‌కి ఇచ్చి, 30 రోజుల లోపు ఎప్పుడైనా అంత కరెంటు తిరిగి తీసుకోవచ్చు. కాగితం మీద లెక్క సరిపోతుంది. రాత్రి రెండింటికి తిరిగి తీసుకునే యూనిట్ మాత్రం ఎక్కువగా బొగ్గుదే. మొదటి ప్లాంట్లు నిలదొక్కుకోవడానికి ఈ వెసులుబాటు కొన్నాళ్ళు ఉండటం తప్పనను. ఎప్పటికీ ఉంటే మాత్రం పేరుకే గ్రీన్. ఏ గంట కరెంటు ఆ గంటకే లెక్క చూసే పద్ధతి రావాలి, అది ఎంత త్వరగా వస్తే అంత మంచిది.

నీళ్ళ సంగతి. రసాయనం ప్రకారం కిలో హైడ్రోజన్‌కి 9 లీటర్లు చాలు. శుద్ధి చేసేటప్పుడు పోయేది, చల్లబరచడానికి అయ్యేది కలిపి 20 లీటర్లనుకోండి. 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన పూడిమడక హబ్‌లో రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ అన్నారు, దానికోసం 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు. అంత హైడ్రోజన్‌కి రోజుకు 3 కోట్ల లీటర్ల నీళ్ళు. వినడానికి భయంగానే ఉంటుంది. అయితే మంచినీళ్ళతో చల్లబరిచే 1,000 మెగావాట్ల బొగ్గు కేంద్రానికి నిబంధనలు అనుమతించేదే రోజుకు 7 కోట్ల లీటర్ల పైన. పైగా సముద్రం పక్కనే ఉంది కాబట్టి ఉప్పునీటిని మంచినీరు చేసుకోవచ్చు. వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు, హైడ్రోజన్‌కి అయ్యే కరెంటు పక్కన అది లెక్కలోకే రాదు. కాబట్టి ఏలేరు నీళ్ళో, భూగర్భజలమో అడిగితే ఒప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. సముద్రపు నీరే వాడమనండి. కాకపోతే మంచినీరు తీశాక మిగిలే చిక్కటి ఉప్పునీరు తిరిగి సముద్రంలోకే వెళ్తుంది. పూడిమడక పెద్ద మత్స్యకార గ్రామం. ఆ గొట్టం ఒడ్డుకి ఎంత దూరంలో, ఎంత లోతులో తెరుచుకుంటుంది, ఎలా చెదరగొట్టి వదులుతారు అనేది వల వేసేవాళ్ళకు నేరుగా సంబంధించిన విషయం. ప్రజాభిప్రాయ సేకరణలో నేనైతే మొదట అదే అడుగుతాను.

ప్రమాదం గురించి. హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకుంటుంది, కంటికి కనపడని నిప్పురవ్వ చాలు. దాని మంట కూడా పగటిపూట కనిపించదు. పాతకాలం ప్లాంట్లలో లీకు అనుమానం ఉన్న ఫ్లాంజ్ (గొట్టాల అతుకు) దగ్గరికి వెళ్ళేటప్పుడు పొడుగు చీపురు ముందుకు చాచి నడిచేవాళ్ళు. చీపురు పుల్లలు అంటుకుంటే ఎదురుగా మంట ఉన్నట్టు. ఇప్పుడు డిటెక్టర్లు ఉన్నాయి. ఆరుబయట అయితే హైడ్రోజన్ క్షణాల్లో పైకి లేచిపోతుంది, పైకప్పు ఉన్న గదిలో చేరితేనే కొంప ముంచుతుంది. ఈ ప్రమాదం ఎక్కువగా ప్రహరీ లోపలిది.

ఊళ్ళకు నేను చెప్పే జాగ్రత్త అమ్మోనియా గురించి. హైడ్రోజన్‌ని ద్రవంగా ఉంచాలంటే మైనస్ 253 డిగ్రీలు కావాలి, అమ్మోనియాకి మైనస్ 33 చాలు. అందుకే దాచేదీ, ఓడల్లో పంపేదీ అమ్మోనియాగానే. వేల టన్నుల ట్యాంకులు వస్తాయి. అమ్మోనియా గాలికన్నా తేలికే, కానీ చల్లటి ద్రవం కారితే తెల్లటి మబ్బులా నేలబారున పాకుతుంది. విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు నిద్రలో ఉన్న ఊరికి ఏం చేయాలో ఎవరూ చెప్పి ఉంచలేదు. ఆ గతి ఇంకో ఊరికి రాకూడదు. ట్యాంకుకి రెండు గోడలు ఉన్నాయా, సైరన్ ఊళ్ళోకి వినిపిస్తుందా, ఏడాదికోసారైనా ఊరివాళ్ళతో కలిసి మాక్ డ్రిల్ చేస్తారా అని రాతపూర్వకంగా అడగండి. గాలికి అడ్డంగా పక్కకి పరుగెత్తాలి, గాలి పోయే దిక్కుకి కాదు. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకోవాలి. అమ్మోనియా నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, అందుకే తడిగుడ్డ. ఈ రెండూ బడి పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

సరుకు ఎవరు కొంటారు అనేదీ అడగదగ్గదే. ఇప్పుడు చాలా ప్రాజెక్టులు యూరప్, జపాన్, కొరియాలకు ఎగుమతి మీద ఆశ పెట్టుకున్నాయి. డాలర్లు వస్తే మంచిదే, కానీ విశాఖ, కాకినాడల్లో ఓడల్లో వచ్చిన అమ్మోనియాతోనే డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు చేస్తున్నాం. ఆ ఓడ బదులు మన అమ్మోనియా వెళ్ళడం అన్నిటికన్నా సహజమైన మొదటి అడుగు. యూరియా దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. యూరియా చేయాలంటే అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి, టన్ను యూరియాకి దాదాపు 730 కిలోలు. రామగుండం యూరియా కర్మాగారంలో సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడే యూరియాలోకి వెళ్తుంది. గ్రీన్ అమ్మోనియాతో ఆ గ్యాసు రాదు, వేరే ఎక్కడినుంచో తేవాలి. తెచ్చినా పొలంలో చల్లగానే అది మళ్ళీ గాలిలోకే పోతుంది. అందుకని రైతు వాడే యూరియా గ్రీన్ అవుతుందని ఎవరైనా వేదికెక్కి చెప్తే, కార్బన్ డయాక్సైడ్ ఎక్కడిది అని అడగండి.

ఇక ఉద్యోగాలు. కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది. నడిచేటప్పుడు అంత ఉండదు, ఎలక్ట్రోలైజర్ హాలు మొత్తాన్ని షిఫ్టుకి కొద్దిమంది కంట్రోల్ రూమ్‌లోంచి చూసుకుంటారు. ఉండే పని మాత్రం నైపుణ్యం ఉన్న పని. హైడ్రోజన్ కొన్ని రకాల ఉక్కులోకి దూరి దాన్ని పెళుసుగా మార్చేస్తుంది, కాబట్టి మంచి పైప్ వెల్డర్‌కి, వెల్డ్‌ని పరీక్షించేవాళ్ళకు గిరాకీ తగ్గదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవాళ్ళు, భారీ కరెంటు మోసే రెక్టిఫయర్లు (ఏసీని డీసీగా మార్చే యంత్రాలు) తెలిసిన ఎలక్ట్రీషియన్లు, నీటిశుద్ధి కేంద్రాలు నడిపినవాళ్ళు కావాలి. మీ జిల్లాలోనే రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో అమ్మోనియా రిఫ్రిజరేషన్ మీద పనిచేస్తున్న కుర్రాళ్ళు ఉంటారు. వాళ్ళకు అమ్మోనియా అంటే భయమూ తెలుసు, మర్యాదా తెలుసు. అలాంటివాళ్ళకు అచ్యుతాపురం, అనకాపల్లి ప్రాంతపు ఐటీఐల్లో ఆరునెలల కోర్సు ఒకటి ఇప్పుడే పెట్టించగలిగితే, ప్లాంటు నడిచే నాటికి బయటినుంచి మనుషుల్ని తెచ్చుకోవాల్సిన పని కంపెనీకి ఉండదు. పంచాయతీ తరఫున కలెక్టరుగారికి ఇచ్చే అర్జీలో, ఉప్పునీటి గొట్టం, అమ్మోనియా సైరన్‌ల పక్కన, ఈ కోర్సు సంగతి కూడా రాయండి.